శనివారం శ్రోతలు

ఫిబ్రవరి 10

బావా,

క్యాసెట్టు చేరింది. దారిలో పోయినా బాగుండేది.

మన "తడి అగ్గిపుల్లలు" రెండో ఆల్బం విన్నవాళ్ళు ఎక్కడో గాని ఉండరని నువ్వు ఆర్నెల్లుగా ఊరిస్తున్నావు. అందుకే నిన్న డ్యూటీ దిగగానే చేతుల గ్రీజు కూడా వదిలించుకోకుండా టేపురికార్డరు ముందు కూలబడ్డాను. రెండో పాట మొదలవగానే సబ్బు కోసం లేచాను. గ్రీజు వదిలింది గాని పాట వదల్లేదు. ఆరు నిమిషాల పాట బావా! పంక్ వాయించేవాళ్ళకి, రెండు నిమిషాల్లో అరిచి దిగిపోయేవాళ్ళకి, ఆరు నిమిషాలేమిటి?

మొదటి ఆల్బం గుర్తు చేసుకో. అమెరికాలో ఏదో షెడ్డులో ముగ్గురు కుర్రాళ్ళు, అరువు గిటార్లు, తలుపు తన్నుకుని లోపలికొచ్చినట్టు పాటలు. అక్కని పెళ్ళి చేసుకున్న కొత్తలో నువ్వు నన్ను కుర్చీలో కుదేసి, "కదిలావంటే నీకూ నాకూ చుట్టరికం లేదు" అని ఆ క్యాసెట్టు పెట్టావు. అప్పుడు నేను పదో తరగతి. పంక్ అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే. అలాంటివాళ్ళు రెండో ఆల్బంలో ఆర్గన్ పెట్టె తెచ్చుకుని నెమ్మదిగా మూలుగుతారా? దీన్ని మోసం అంటారు. ఇంకో మాట లేదు.

కావాలంటే మీ శనివారం సంఘంలో చర్చకు పెట్టు. టైర్ల దుకాణం మీది గదిలో మీ ఎనిమిదిమంది కూర్చుని జనం పట్టించుకోని పాత ఆల్బముల మీద కొట్టుకుంటుంటే, ఇక్కడ నాకు వాదించడానికి నేను బాగుచేసే లిఫ్టులు తప్ప ఎవరూ లేరు. వాటికి పైకి, కిందకి అన్న రెండే అభిప్రాయాలు. బొంగురు మాస్టారికి, పళ్ళ డాక్టరుకి, టెలిఫోను ఎక్స్ఛేంజి అమ్మాయికి నా తరఫున చెప్పు: పొట్టివాడు ఈ ఆల్బం మీద యుద్ధం ప్రకటించాడని.

అన్నట్టు అక్క ఉత్తరం రాసింది. "ఆ గోలలో అంతసేపు ఏముంటుందిరా" అని. నేను సర్దిచెప్పానులే. కాని వారం వారం మీ అందరికీ రొట్టెలు చుట్టి, గుడ్లు ఉడకబెట్టి పంపుతోంది కదా, ఆ డబ్బా కడిగి తీసుకురావడానికి ఎనిమిదిమందిలో ఒక్కరికీ చేతులు రావా?

కోపంతో ఉన్నా నీవాడే,
పొట్టి


ఫిబ్రవరి 20

ఒరే పొట్టీ,

పొద్దుటినుంచి సాయంత్రం దాకా జనం కళ్ళకి సరిపడా అద్దాలు అరగదీసేవాణ్ణి, సొంత బావమరిది చూపు మాత్రం సరిచేయలేకపోతున్నాను. నీ ఉత్తరం సంఘంలో గట్టిగా చదివాను. గది అదిరింది.

బొంగురు మాస్టారు ముందు మొదలుపెట్టారు. ఆయన గొంతు నీకు తెలియదు, గచ్చు మీద బెంచీ ఈడ్చినట్టుంటుంది. "మొదటి ఆల్బం కోపం బాబూ. కోపం ఎవడైనా పాడతాడు. రెండోది కోపం దిగిపోయిన మర్నాడు. ఆ మర్నాటిని పాడినవాడు ఆ రోజుల్లో ఎవడున్నాడు? అందుకే ఎవరికీ అక్కర్లేకపోయింది" అన్నారు.

పళ్ళ డాక్టరు నీ పక్షం. "ఆ ఆర్గన్ వింటుంటే నా కుర్చీలో నేనే కూర్చున్నట్టుంది" అన్నాడు. సంతోషించు.

టెలిఫోను అమ్మాయి అందరూ అరిచినంతసేపూ ఊరుకుని, చివర్లో అంది: "ఆఖరి పాట చివర గొంతు ఆగిపోయాక కూడా టేపు తిరుగుతూనే ఉంటుంది, విన్నారా? ఎవరో దగ్గుతారు. కుర్చీ జరుగుతుంది. పాట అయిపోయింది, కాని గదిలోంచి ఎవరూ వెళ్ళలేకపోతున్నారు. నేను రోజంతా వినేది ఇదే. మాటలైపోయినా ఫోను పెట్టెయ్యలేనివాళ్ళని."

నీకు చేతనైతే దానికి జవాబు రాయి.

మీ అక్కకి నచ్చజెప్పి నన్ను బతికించావు. నేను చెబితే ఏదో దాస్తున్నాననుకుంటుంది, నువ్వు చెబితే నమ్ముతుంది. ఆసుపత్రిలో రోజంతా రోగుల్ని పట్టుకుని నడిపించి అలిసిపోతోంది పాపం. డబ్బా ఇకనుంచి నేనే కడుగుతాను.

నీ చెవులు బాగుపడాలని కోరుకుంటూ,
బావ


మార్చి 3

బావా,

జవాబు రాద్దామనే కూర్చున్నాను. ముందు సాక్ష్యం చూసుకుందామని ఆఖరి పాట పెట్టాను. దగ్గు వినిపించింది. కుర్చీ కూడా జరిగింది. ఇంతకుముందు అది వినపడకముందే నేను క్యాసెట్టు ఆపేసేవాణ్ణి కాబోలు. నాలుగుసార్లు విన్నాను. ఓడిపోయానని కాదు, ఒక్క మెట్టు దిగాను. ఆర్గన్ మీద మాత్రం దిగను. డాక్టరుగారికి నా నమస్కారాలు.

ఇప్పుడు నా బాణం. "చెక్క దంతాలు" వాళ్ళ ఒకే ఒక్క ఆల్బం, ఏదో బార్లో జనం ముందు వాయించింది. అందరూ రికార్డింగు బాగోలేదని పక్కన పడేశారు. ఆ డ్రమ్ములు వాయించే ఆడమనిషి మూడో పాటలో ఒక్క క్షణం వెనకబడుతుంది, మిగతావాళ్ళు ఆమె కోసం ఆగుతారు. తప్పు జరిగితే అలాగే ఉంచేశారు. పంక్ అంటే నాకు అదీ. దీని మీద టెలిఫోను అమ్మాయి ఏమంటుందో ప్రత్యేకంగా రాయి.

నిజం చెప్పేస్తున్నాను, నవ్వకు. మొన్న ఒక ఆఫీసులో లిఫ్టు గోతిలో దిగి పనిచేస్తూ ఆమె అన్న మాటే తలుచుకుంటున్నాను. పైనున్న హెల్పరు, "గురువుగారూ, గోతిలో నవ్వుకుంటున్నారేంటి, ఊపిరాడుతోందా?" అన్నాడు. ఆమెకి పెళ్ళయిందా? అయితే ఈ పేరా చదవనట్టే మర్చిపో. కాకపోతే, నీకు ఇలాంటి బావమరిది ఒకడున్నాడని మాటల్లో మాటగా ఒకసారి చెవిన వెయ్యి. అక్కకి కూడా రాశాను, నవ్వుకుని ఉంటుంది.

గోతిలోంచి,
పొట్టి


మార్చి 15

పొట్టీ,

దుకాణంలో పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేను.

ఆ అమ్మాయికి సంబంధం కుదిరింది. బదిలీ కూడా అడిగిందట. ఇక సంఘానికి రాకపోవచ్చు. ఆశలు పెట్టుకోకు.

అయినా ఎవరొస్తారు, ఎవరు రారు, ఎవరికి పెళ్ళయింది, ఇవన్నీ మనకెందుకు? మనం మాట్లాడుకునేది పాటల గురించి. ఇదంతా మీ అక్కకి రాయాల్సిన అవసరమేమొచ్చింది? ఆమె ఏమైనా అడగమందా?

బావ


మార్చి 24

బావా,

నీకు కోపం వచ్చిందని అర్థమైంది. ఆ ఆల్బముని మోసం అన్నాను కదా, అది గుచ్చుకున్నట్టుంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ప్రాణం పెట్టుకున్న పాటల్ని అంతమాట అనకూడదు. ఆ అమ్మాయి విషయం కూడా వదిలేశాను. కాస్త బాధేసింది, అంతే. చూడని మనిషి కోసం బాధపడటమేమిటో నాకే నవ్వొస్తోంది.

అక్క ఏమీ అడగమనలేదు. తన అనుమానం తనది. "నిజంగా అంతమంది వస్తారా? డబ్బాలో సగం మిగిలే వస్తోంది" అని రెండోసారి రాసింది. నేను గట్టిగా మందలించాను. మాస్టారు అన్న మాటలూ డాక్టరు వేసిన జోకులూ అన్నీ పూసగుచ్చినట్టు రాసి, "ఇవన్నీ బావ కల్పించి రాశాడనుకుంటున్నావా? ఆయనకంత తెలివే ఉంటే కథలు రాసుకుని బతికేవాడు" అన్నాను. అద్దాలవాణ్ణి కట్టుకుని నీకే చూపు మందగించింది అని కూడా రాశాను. ఇక నోరెత్తదు.

దీంతోపాటు మాస్టారికి ఒక హెడ్‌ఫోన్ పంపుతున్నాను. ఆయనకి ఎడమ చెవి వినపడదని ఎప్పుడో రాశావు కదా. సగం వాయిద్యాలు ఆయనకి అందవని దిగులేసింది. రెండువైపుల శబ్దమూ కుడిచెవిలోకే వచ్చేలా లోపల తీగలు కలిపాను. వారం పట్టింది. ఆయన మొదటిసారి పెట్టుకున్నప్పుడు మొహం ఎలా ఉందో చూసి నాకు రాయాలి. ఇదొక్కటే అడుగుతున్నాను.

పొట్టి


ఏప్రిల్ 6

నా బంగారు పొట్టీ,

మాస్టారు హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపో తీయలేదు. "ఇన్నేళ్ళూ సగం పాటే విన్నానన్నమాట" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. మేమంతా కిటికీవైపు తిరిగాం. నీ చేతుల్లో గొప్పతనముందిరా.

నీ మీద నాకు కోపమేముంటుంది? పని చిరాకు. నువ్వే లేకపోతే ఈ పాటల గురించి నేను ఎవరితో చెప్పుకునేవాణ్ణి? మీ అక్కకి ఇది గోల. మీ అమ్మావాళ్ళకి పిచ్చి. నా మనసులో మాట అందేది నీకొక్కడికే.

ఒక చిన్న సాయం. మే మొదటివారంలో సంఘమంతా కలిసి వేరే ఊరు వెళ్తున్నాం, అక్కడొకాయన దగ్గర పాత ఆల్బములు గదినిండా ఉన్నాయట. రెండురోజులు. నేను చెబితే మీ అక్క సవాలక్ష అడుగుతుంది. నీకు ముందే తెలుసన్నట్టు, నువ్వే వెళ్ళమని పోరుపెట్టినట్టు, ఒక ముక్క రాసిపడెయ్యి.

నీ బావ


ఏప్రిల్ 14

బావా,

రాసేశాను. "నువ్వు వద్దన్నావంటే నేనే వచ్చి ఆయన్ని లాక్కెళతాను" అని బెదిరించాను. "సరేలేరా, నువ్వు చెబుతున్నావుగా" అని జవాబు కూడా వచ్చింది.

మాస్టారి మాట చదివి ఆ ఉత్తరం రోజంతా జేబులో పెట్టుకునే తిరిగాను. ఆ గదినిండా ఆల్బముల్లో "చెక్క దంతాలు" దొరికితే నా పేరు చెప్పి దండం పెట్టు.

పొట్టి


మే 19

బావగారికి,

మీ ఊళ్ళో ఒక దుకాణాల భవనంలో లిఫ్టు మధ్యలో నిలిచిపోతోందని కంపెనీ నన్ను పంపింది. శనివారం మధ్యాహ్నానికి పని అయిపోయింది. ముందే చెబితే సరదా ఏముంటుందని మీకూ అక్కకీ చెప్పలేదు. అక్కని సాయంత్రం చూద్దామని, తిన్నగా టైర్ల దుకాణానికి వెళ్ళాను. అందరికీ పంచుదామని సంచీడు కమలాలు కొన్నాను.

"పైన పాటల సంఘానికి మెట్లెటు?" అని దుకాణం ఆయన్ని అడిగాను.

"సంఘమా? పైన టెలిఫోనావిడ ఒకావిడే ఉంటుందండీ. పాటలంటారా, అవైతే ఉన్నాయి మా ప్రాణానికి" అన్నాడు.

పైకెళ్ళి తలుపు కొట్టాను. ఆవిడ తీసింది. నా చొక్కా జేబు మీద లిఫ్టు కంపెనీ పేరు చూసి, "లిఫ్టు పొట్టిగారా!" అని ఒక్క కేక పెట్టింది. "రండి రండి. ఆయన దుకాణం కట్టేసి ఇప్పుడే వచ్చేస్తారు. మీ ఉత్తరాలన్నీ చదివి వినిపిస్తారు. ఆర్గన్ మీద మీకంత పగేమిటండీ?"

మీరు బదిలీ చేయించిన మనిషి, పెళ్ళి చేసి పంపేసిన మనిషి, నాకు కుర్చీ వేసింది. చిన్న గది, ఒకే కిటికీ, గోడవారగా క్యాసెట్లు. కుర్చీలు రెండే ఉన్నాయి.

మాస్టారెప్పుడు వస్తారని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది. "నేనేనండీ. నాకు జలుబు చేసి గొంతు పోయినప్పుడు ఏదో అంటే, ఆయన మాస్టారని పేరుపెట్టారు. వాదన రక్తికట్టాలని ఒక్కోసారి నేనే అడ్డంగా మాట్లాడతాను, అది డాక్టరు. మీకు తెలుసనుకున్నాను! మీరిద్దరూ కలిసి ఆడుకునే ఆటని చెప్పారే?" నేను వారంపాటు తీగలు కలిపిన హెడ్‌ఫోన్ బల్లమీద ఉంది. "మీరు పంపిందే. పాపం ఎడమవైపు పనిచేయడం లేదు. ఇచ్చినవాళ్ళకి చెబితే బాగోదని ఊరుకున్నాం" అంది.

అప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. మీకంటే చిన్నవాణ్ణి, మీరు చేతిలో పెట్టిందే విన్నవాణ్ణి. అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయిందేమో కూడా.

తర్వాత ఆవిడ డబ్బా మూత తీసి నాముందు పెట్టింది. "పొద్దున్నే ఇచ్చి వెళ్ళారు, తినండి. ఆయన అక్కగారు వారం వారం చేసి పంపుతారు. భార్య వదిలేసి వెళ్ళిపోయాక తమ్ముణ్ణి కన్నబిడ్డలా చూసుకుంటున్నారట. ఎప్పటికైనా ఆవిణ్ణి చూసి దండం పెట్టుకోవాలండీ."

రొట్టెలమీద కప్పిన గుడ్డ మా అమ్మ పాత చీరది.

"ఆవిడ ఆయన అక్క కాదండీ. నా అక్క. ఆయన భార్య. ఎక్కడికీ వెళ్ళలేదు" అన్నాను.

ఆవిడ మూత మళ్ళీ పెట్టబోయింది. అది సరిగ్గా కూర్చోలేదు. మూడుసార్లు పెట్టింది. "మీరు తన పాత స్నేహితుడని ఆయన చెప్పారు" అంది. ఆ తర్వాత, "మీరు వెళ్ళండి. ఆయన వచ్చే వేళయింది, నేను తలుపు వేసుకోవాలి" అంది. నా ముఖం చూడలేదు. మెట్లు దిగుతుంటే లోపల గడియ వేసిన చప్పుడు వినిపించింది.

రెండేళ్ళుగా నేను ఎవరితో వాదించాను? ఎవరిని తలుచుకుని గోతిలో నవ్వుకున్నాను? అదంతా నా ఖర్మ అనుకుని ఊరుకోగలను. కాని మీరు నాకు సంఘాన్ని సృష్టించి ఇచ్చింది నాకోసం కాదు. అక్కకి అనుమానం వచ్చినప్పుడల్లా నాచేత తుడిపించడానికి. ఆ మాస్టారి కన్నీళ్ళు చూపించి, అదే కాగితం మీద మే నెల అబద్ధం నాతో ఆడించారు.

మీకు కావాల్సింది బావమరిది కాదు, సాక్షి. దొరికాడు.

పొట్టి అని పిలవకండి ఇక


మే 27

పొట్టీ,

నన్ను "మీరు" అన్నావు. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

తప్పు చేయలేదని అనను. కాని నీకు రాసిన అభిప్రాయాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అవన్నీ ఆ గదిలో ఎవరో ఒకరు అన్నవే. ఆమె ఏదైనా అనగానే నాకు మొదట తోచేది, ఇది పొట్టికి రాయాలి అని. ఆమె పేరుతో రాయలేను గనక ముగ్గుర్ని చేశాను. నువ్వు చదివి ఎంత సంతోషించావో నాకు తెలుసు. ఆ సంతోషం నిజం కాదా?

మనిషి మారతాడు. నువ్వు మొదటి ఆల్బమే పట్టుకుని కూర్చుంటావు. వాళ్ళు రెండోది చేశారు, ఎవరూ విననంతమాత్రాన అది మోసమైపోతుందా? ఆ రోజు నువ్వు ఆ మాట రాసినప్పుడు నన్నే అన్నట్టనిపించింది.

ఆమె తలుపు తీయడం లేదు. ఎక్స్ఛేంజికి ఫోను చేస్తే నా గొంతు విని కనెక్షన్ తెంపేస్తోంది.

ఒక్కటే అడుగుతాను. మీ అక్కకి నువ్వు చెప్పకు. నేనే సమయం చూసి చెబుతాను. తను ఈమధ్య ముభావంగా ఉంది. నీ దగ్గర్నుంచి మామూలుగా ఒక ఉత్తరం వస్తే కుదుటపడుతుంది. పాటల గురించే రాయి, ఎప్పటిలాగే. ఈ ఒక్కసారికి.

బావ


జూన్ 16

బావగారికి,

మీ ఉత్తరంలో మనిషి మారతాడు అన్నచోట చదవడం ఆపాను. మిగతాది నిన్న చదివాను. అప్పటికి చాలా ఆలస్యమైంది, మీకూ నాకూ కూడా.

ఆ శనివారమే అక్కకి చెప్పాను. టైర్ల దుకాణం నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. అక్క ఒక పెద్దాయన్ని రెండు కమ్మీల మధ్య పట్టుకుని నడిపిస్తోంది. నన్ను చూసి నవ్వి, ఆగమని సైగ చేసింది. ఆయన్ని అటు చివరిదాకా నడిపించి, కూర్చోబెట్టి, మోకాలి పట్టీ సరిచేసి వచ్చింది. అక్కడే బెంచీ మీద చెప్పేశాను. అందుకే మీతో ముభావంగా ఉంది. మీరు సమయం చూస్తుంటే, తను మిమ్మల్ని చూస్తోంది, ఎప్పటికి నోరు విప్పుతారా అని.

ఏడవలేదు. మిమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "నిన్ను అడిగాను కదరా" అంది. "అడిగిన ప్రతిసారీ నువ్వు నన్నే తిట్టావు. అయితే నాకే బుర్ర పాడైందనుకున్నాను. మా డాక్టరుగారి దగ్గరకెళ్ళి, లేనిపోనివి ఊహించుకుంటున్నాను, నిద్ర పట్టడానికి మందివ్వండి అని అడిగాను." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "ఆయన అబద్ధమాడితే మొగుడు అబద్ధమాడాడు అనుకుంటాను. నువ్వు చెబితే నిజమనే కదరా నమ్మాను. ఇప్పుడు నువ్వు చెప్పే ఈ మాట మాత్రం ఎలా నమ్మను?"

నాకేమీ తెలియదక్కా అన్నాను. "తెలియదు కాబట్టే ఊరుకుంటున్నాను" అని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా ఉత్తరాలకి జవాబు లేదు. ఫోను చేస్తే పనిలో ఉందన్నారు.

మొన్న మా కంపెనీకి కబురు పెట్టింది, పెట్టె మోయడానికి మనిషి కావాలి రమ్మని. సెలవు పెట్టి వచ్చాను. నిన్న మీరు దుకాణానికి వెళ్ళాక సామాను తీశాం. ఈపాటికి మీరు ఖాళీ అలమర చూసే ఉంటారు. తన బట్టలూ పుస్తకాలూ తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. వెతుక్కోనక్కర్లేదు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆసుపత్రి వెనక ఒక గది ఇచ్చారు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పెట్టె ఎక్కించేసరికి నాకు ఊపిరాడలేదు. అక్క మంచినీళ్ళిచ్చి, కిటికీ తెరిచింది.

"ఇక నుంచి ఆదివారం ఆదివారం నాకు రాయి. పాటల గురించి వద్దు. ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, చెప్పులు ఎక్కడ కుట్టించావు, అలాంటివి రాయి. నీ కళ్ళతో చూసినవే రాయి. ఎవరో చెప్పినవి రాయకు" అంది.

సరేనన్నాను.

"నమ్ముతానని చెప్పడం లేదు. చదువుతాను, అంతే" అంది.

రెండేళ్ళు నా ఆదివారాలన్నీ మీకు రాయడంలోనే పోయాయి. ఈ రోజు కూడా ఆదివారమే. దీన్ని ఇక్కడితో ఆపి ఆ ఉత్తరం మొదలుపెట్టాలి. పొద్దున్నుంచి నేను చూసినవి తలుచుకుంటున్నాను. మెట్లదారిలో బల్బు మారుస్తున్న మనిషి, పక్కగదిలో సాక్సులు ఆరేసుకుంటున్న కంపౌండరు. చాలా తక్కువే ఉన్నాయి. అయినా అవే రాస్తాను.

అక్క తమ్ముడు